కొత్త ఓవెన్‌కి మన వైరింగ్ సరిపోతుందా?

ప్రశ్న: సార్, నమస్తే. క్యాబినెట్‌లో అమర్చే ఎలక్ట్రిక్ ఓవెన్ ఒకటి ఆర్డర్ పెట్టాం, ఇంకో పది రోజుల్లో వస్తుంది. వివరాల్లో 220-240 వోల్టులు, 3.5 కిలోవాట్లు అని ఉంది. దాన్ని పెట్టాలనుకున్న చోట ఇప్పటికే ఒక పెద్ద ప్లగ్ పాయింట్ ఉంది, ఇన్నాళ్లూ దానికి కెటిల్ పెట్టి వాడుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. ప్లగ్గు పడితే చాలు కదా అంటారు మా వారు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, విడిగా కొత్త లైను లాగాల్సిందే, గోడ కొట్టాలి అన్నాడు. పని పెంచుకోవడానికి అంటున్నాడా, నిజంగానే అవసరమా అని టెన్షన్‌గా ఉంది. మేమే చూసి తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. చాలావరకు మీరే చూసుకోవచ్చు. ఓవెన్ ఇంకా ఇంటికి రాకముందే అడిగారు, నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే, ఎందుకంటే ఒకసారి క్యాబినెట్ బిగించి ఓవెన్‌ని లోపలికి తోసేశాక వెనకాల ఏం వేడెక్కుతోందో, ఏం మాడుతోందో బయటికి కనపడదు.

ముందు ఓవెన్ ఎంత కరెంటు లాగుతుందో తేల్చుకుందాం. ప్రతి ఓవెన్‌కీ రేటింగ్ ప్లేట్ అని ఒక చిన్న పట్టీయో స్టిక్కరో ఉంటుంది. చాలా మోడళ్లలో తలుపు తెరిస్తే చట్రం అంచున కనిపిస్తుంది, కొన్నిటికి వెనక భాగంలో అతికిస్తారు. అందులో మోడల్, సీరియల్ నంబర్లతో పాటు వోల్టేజి, హెర్ట్జ్, వాట్లు రాసి ఉంటాయి. ఓవెన్ రాకముందే కావాలంటే ఇన్‌స్టలేషన్ మాన్యువల్ తెప్పించుకుని చూడండి, కానీ ఓవెన్ వచ్చాక ప్లేటు మీదున్న అంకెతో ఒకసారి సరిచూసుకోవాలి, లెక్కకి పనికొచ్చేది అదే. వాట్లు రెండు అంకెలుగా రాసి ఉంటే పెద్దది తీసుకోండి. మైక్రోవేవ్ కూడా కలిసిన ఓవెన్ అయితే ఇంకో జాగ్రత్త, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 900 వాట్లు లోపల పెట్టిన పదార్థానికి అందే శక్తి మాత్రమే, గోడ నుంచి అది లాగేది 1,400 దాకా ఉండొచ్చు. మనకి కావాల్సింది లాగే అంకె.

ఇక లెక్క చిన్నదే. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మీ 3,500ని 230తో భాగిస్తే 15.2 ఆంపియర్లు. బల్ల మీద పెట్టుకునే 2,000 వాట్ల ఓవెన్ అయితే 8.7. ఇప్పుడు ప్లగ్ పాయింట్ ముందు నిలబడి దాని మీద ఏం ముద్రించి ఉందో చూడండి. 6 ఆంపియర్లు అని ఉంటే 230 వోల్టుల దగ్గర దాని హద్దు 1,380 వాట్లు, ఆ పైన ఏదీ దానికి పెట్టకూడదు, అడాప్టర్ తగిలించి పెట్టడం అసలే వద్దు. 16 అని ఉంటే 3,680 వాట్లు. అంటే కాగితం మీద మీ ఓవెన్ 16 పాయింట్‌కి సరిపోతుంది, మీ వారు అన్నది పూర్తిగా తప్పేం కాదు. కొన్ని కంపెనీలు ఇంత శక్తి ఉన్న ఓవెన్లని ప్లగ్గుతోనే పంపిస్తాయి కూడా.

కానీ కెటిల్‌తో పోలిక పెట్టుకోకండి. కెటిల్ నాలుగైదు నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది, ఆ కాసేపట్లో పాయింట్‌కీ వైరుకీ వేడెక్కేంత టైమ్ కూడా ఉండదు. ఓవెన్ అలా కాదు. మొదట బాగా వేడెక్కే దాకా ఎలిమెంట్లు ఆగకుండా కరెంటు లాగుతాయి, తర్వాత థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది, అలా గంట, రెండు గంటలు నడుస్తుంది. తనని తాను శుభ్రం చేసుకునే రకం అయితే లోపలి మురికిని బూడిద చేయడానికి 500 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది, ఆ పని కూడా గంటల తరబడి సాగుతుంది. లోపం ఎక్కడున్నా బయటపడేది అప్పుడే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక ఓవెన్ తెచ్చి పాత 16 పాయింట్‌కే పెట్టాం. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరోజు ప్లగ్గు పీకబోతే వేలికి చురుక్కుమంది. చూస్తే పాయింట్ మీద మూడు రంధ్రాల్లో ఒక్క దాని చుట్టూ మాత్రం తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది, మిగతా రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. మెయిన్ ఆపి పాయింట్ ఊడదీస్తే, లోపల ఆ ఒక్క తీగని పట్టుకున్న స్క్రూ స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా వేలితోనే అర చుట్టు తిరిగింది. తీగ చివర ఒక అంగుళం మేర పైతొడుగు గట్టిపడిపోయి, వంచితే పెళ్లలుగా ఊడిపోయింది. అంతే లోపం, ఒక్క లూజు స్క్రూ. దాని వెనకున్న లెక్క వింటే దాన్ని ఎందుకంత సీరియస్‌గా తీసుకోవాలో మీకే అర్థమవుతుంది. లూజు జాయింట్ దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో, అంటే కరెంటుకి అక్కడ ఎదురయ్యే అడ్డుతో, గుణించినంత. అక్కడ రెసిస్టెన్స్ ఓమ్‌లో పదో వంతు, అంటే 0.1 ఉందనుకోండి, 15 ఆంపియర్లు పారితే 22.5 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ల చేతిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దాంతో సీసం కరిగించి అతికిస్తారు. అలాంటిదాన్ని ఆన్ చేసి గోడలో, ప్లాస్టిక్ పెట్టెలో, చెక్క క్యాబినెట్ వెనకాల వదిలేసినట్టు అన్నమాట. పైగా అక్కడ ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్, పడదు, ఎందుకంటే కరెంటు ఎక్కువేమీ పారడం లేదు, ఓవెన్ తనకి కావాల్సిందే లాగుతోంది.

అందుకే నా మట్టుకు నాకు 3,000 వాట్లు దాటిన ఓవెన్‌కి ప్లగ్గు పెట్టడం ఇష్టం ఉండదు. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగే డబుల్ పోల్ స్విచ్ ఒకటి పెట్టించి, దాని నుంచి నేరుగా ఓవెన్‌కి వైరు ఇప్పించడం మంచిది. మాన్యువల్లో కూడా రెండు తీగలూ పూర్తిగా విడిపోయే స్విచ్ ఉండాలని రాసి ఉంటుంది, చూడండి. ప్లగ్గు కోసేస్తే వారంటీ పోతుందని కొందరు కంపెనీవాళ్లు అంటారు కాబట్టి ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి. పోతుందంటే ప్లగ్గే ఉంచి, పాయింట్ మాత్రం కొత్తది, మంచిది వేయించండి, తీగలు పట్టే స్క్రూలు మీ ఎదురుగానే బిగింపచేయండి.

ఇప్పుడు గోడ లోపలి సంగతి, అసలు గొడవంతా అక్కడే. పాయింట్ మీద 16 అని ఉన్నంత మాత్రాన దాని వెనకాల అంత మోసే వైరు ఉందని కాదు, పాత చిన్న పాయింట్ తీసేసి అదే వైరుకి పెద్ద పాయింట్ తగిలించిన ఇళ్లు నేను చాలా చూశాను. మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, దగ్గరికి వెళ్లి ఎంసీబీలు ఒక్కొక్కటిగా కిందికి దించుతూ, ఏది దించితే ఆ పాయింట్ ఆగుతోందో పట్టుకోండి. అది దొరికాక దాన్ని అలాగే ఉంచి ఇల్లంతా తిరిగి, దాంతో పాటు ఇంకా ఏవేవి ఆగాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్, హాల్లో ఇంకో పాయింట్, ఇలా నాలుగు పేర్లు వచ్చాయంటే ఆ లైను అందరిదీ, ఓవెన్ ఒక్కటే 15 లాగేస్తే మిగతావాటికి చోటు లేదు. అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందే నిజం. ఆ పాయింట్ ఒక్కటే ఆగిందంటే విడి లైనే ఉన్నట్టు, ఇక వైరు మందం చూస్తే సరిపోతుంది.

మందం పైతొడుగు మీద ముద్రించి ఉంటుంది, 1.5, 2.5, 4 అని చదరపు మిల్లీమీటర్లలో. బోర్డు విప్పడం మాత్రం మీరు చేయకండి, మెయిన్ ఆపి అతని చేత విప్పించి, టార్చ్ వేసి ఆ అంకె మీ కళ్లతో చూడండి. రాగి తీగ అయితే 1.5 మీ ఓవెన్‌కి చాలదు. 2.5 పైపులో మామూలు పరిస్థితుల్లో 20 ఆంపియర్ల దాకా మోస్తుంది, కాబట్టి సరిపోతుంది, అయితే ఒకే పైపులో వైర్లు కిక్కిరిసి ఉన్నా, పైపు వేడి చోటు నుంచి పోతున్నా ఆ శక్తి తగ్గుతుంది. కొత్తగా లాగించే పనైతే 4 వేయించండి. గోడ కొట్టే పని 2.5కైనా 4కైనా ఒకటే, రేపు ఇంకా పెద్ద ఓవెన్ కొన్నా మళ్లీ గోడ జోలికి పోనక్కర్లేదు. తేడా ఎంతో చెప్తాను. డీబీ నుంచి ఓవెన్ దాకా 15 మీటర్లు ఉందనుకుంటే, పోను రాను 30 మీటర్ల తీగ. అందులో మీ 15.2 ఆంపియర్లు పారుతుంటే 1.5 తీగలో సుమారు 84 వాట్లు ఊరికే వేడిగా పోతాయి, 2.5లో 51, 4లో 32. ఆ వేడి అంతా పోయేది మీ గోడలోకే.

ఇంట్లో అల్యూమినియం తీగ ఉంటే మాత్రం ఈ లెక్కలు పనికిరావు, అదే మందానికి అది తక్కువ మోస్తుంది, జాయింట్ల దగ్గర కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. దాని మీద ఓవెన్ పెట్టొద్దు, రాగి లైను కొత్తగా లాగించుకోండి.

ఎర్తింగ్ సంగతి ఒక్క మాట. ఓవెన్ ఒళ్లంతా లోహం, ఎలిమెంట్ లోపల ఎక్కడైనా చిట్లితే ఆ లోహానికే కరెంటు వస్తుంది, మనం తలుపు పట్టుకునేది ఖాళీ చేత్తోనే. టెస్టర్ పెడితే ఫేజు వెలుగుతుంది కానీ ఎర్త్ ఉందో లేదో అది చెప్పదు. పాయింట్‌లో మూడో రంధ్రం ఉంది కదా అని నమ్మకండి, ఆ రంధ్రం వెనకాల తీగే లేని పాయింట్లు ఉంటాయి. మీటరుతో కొలిపించండి, దాంతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను తెంపేసే స్విచ్, ఉందో లేదో కూడా అడగండి.

పాయింట్‌ని సరిగ్గా ఓవెన్ వెనకాల పెట్టించకండి. పక్క క్యాబినెట్‌లో, చెయ్యి పోయే చోట ఉండాలి. ఏదైనా వాసన వచ్చిన రోజు ఓవెన్‌ని బయటికి లాగితే తప్ప స్విచ్ అందదంటే చాలా కష్టం. వైరు కూడా ఓవెన్ వీపుకి ఆనకుండా చూడండి, ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల దాకానే తట్టుకునేలా చేస్తారు.

ఇక ఆఖరుది, ఇంటి మొత్తం లోడు. సింగిల్ ఫేజులో 5 కిలోవాట్లు నమోదై ఉందంటే మొత్తం ఇంటికి దాదాపు 22 ఆంపియర్లు. ఓవెనే 15 తీసుకుంటే, అదే సమయంలో గీజర్ వేశారంటే మెయిన్ దగ్గరే పడిపోతుంది. అలాంటప్పుడు విద్యుత్ సంస్థకి లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి, ఓవెన్ కొన్నాక పెట్టుకుందాంలే అనుకోవద్దు, దానికి ఎన్ని రోజులు పడుతుందో మన చేతిలో ఉండదు. బిగించిన రోజు ఓవెన్‌ని బాగా వేడి మీద అరగంట నడిపి, ప్లగ్గు ఉంటే దాని మీదా, స్విచ్ మీదా, డీబీలో ఆ ఎంసీబీ ముఖం మీదా చెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టి ఉంచలేకపోతే అక్కడే ఆపేసి, మళ్లీ విప్పించండి.

ప్రశ్న: మా ఓవెన్ 2,800 వాట్లది. పెట్టిన దగ్గర్నుంచి సరిగ్గా అరగంట, నలభై నిమిషాలకి ఎంసీబీ పడిపోతోంది. 16 ఆంపియర్లది ఉంది, 32 వేస్తే పడదని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. వేయించేదా?

జవాబు: వద్దు. దయచేసి వేయించకండి, ఇవాళే వేసేశాడంటే ఇవాళే తీయించండి.

ఎంసీబీ ఉన్నది ఓవెన్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది గోడలోని వైరుని. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడదు. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ప్రకారం, దాని అంకెకి 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు పారినా గంటసేపు పడకుండా నిలబడాలి. 1.45 రెట్లు, అంటే 23 దాటితే మాత్రం గంటలోపు పడాలి. ఇదే లెక్క 32కి వేయండి. 46 ఆంపియర్లు పారుతున్నా అది దాదాపు గంటసేపు ఊరుకోవచ్చు. వెనకాల ఉన్నది 20 మోసే 2.5 వైరు. పడటం ఆగిపోతుంది నిజమే, దాంతో పాటు వైరుకి ఉన్న ఒకే ఒక్క కాపలా కూడా పోతుంది. ఎంసీబీ పెంచాలంటే ముందు వైరు పెంచాలి, ఈ వరుస ఎప్పుడూ తిరగబడకూడదు.

మరి ఎందుకు పడుతోంది? మీ ఓవెన్ 12.2 ఆంపియర్లు లాగుతుంది, అది 16కి సులువుగా లోపలే. వేయగానే పడితే షార్ట్ ఉందనుకోవచ్చు, అరగంటకి పడుతోందంటే లోపల ఉన్న రెండు లోహాల పట్టీ మెల్లగా వేడెక్కి వంగుతోందన్నమాట. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఒకటి, అదే లైను మీద ఇంకేదో నడుస్తూ ఉండొచ్చు, ఓవెన్ వేసినప్పుడే డిష్‌వాషరో హీటరో వేస్తున్నారేమో చూడండి. నాకు ఎక్కువ అనుమానం ఉన్నది రెండోదాని మీద, ఎంసీబీ కింద తీగ పట్టే స్క్రూ లూజుగా ఉంటే అక్కడ పుట్టే వేడి నేరుగా ఆ పట్టీకే తగులుతుంది, కరెంటు తక్కువే ఉన్నా ఎక్కువ ఉందనుకుని అది పడిపోతుంది. డీబీ ఇరుగ్గా ఉండి, పక్కపక్క ఎంసీబీలన్నీ వేడిగా ఉన్నా ఇదే జరుగుతుంది. ఎంసీబీయే పాతబడి బలహీనపడటం కూడా ఉంది.

తేల్చుకోవడం కష్టం కాదు. క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఓవెన్ వేసి, డీబీ దగ్గర ఆ ఒక్క ఫేజు తీగ చుట్టూ మీటర్ పెడితే తీగ కోయకుండానే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపిస్తుంది. 12 దగ్గర చూపిస్తూ పడిపోతే తప్పు ఎంసీబీదో స్క్రూదో, మెయిన్ ఆపి బిగించి చూసి, అప్పటికీ పడుతుంటే 16దే కొత్తది వేయాలి. 18, 20 చూపిస్తే ఇంకేదో దాని మీద ఉంది, దాన్ని వేరు చేయాలి. మీటర్ పెట్టకుండా, స్క్రూ ముట్టుకోకుండా 32 వేసేద్దాం అన్న మనిషి చేత ఆ పని చేయించుకోకండి, నాకు తెలిసి ఇళ్లలో వైర్లు మాడేది ఎక్కువగా ఇలాంటి సులువు మార్గాల వల్లే.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ అక్కడ వాడిన బల్ల మీద పెట్టుకునే ఓవెన్ తెస్తానంటున్నాడు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 1,500 వాట్లు అని ఉందట. ప్లగ్గు మారిస్తే ఇక్కడి 230కి పనిచేస్తుందా?

జవాబు: ప్లగ్గు మార్చి పెడితే మొదటి నిమిషంలోనే పాడైపోతుంది. ఎలిమెంట్‌లో రెసిస్టెన్స్ మారదు, వోల్టేజి దాదాపు రెట్టింపైతే శక్తి దాని వర్గంలో పెరుగుతుంది. 1,500 వాట్లది 5,500 వాట్లు లాగబోతుంది, ఎలిమెంట్ తెగేదాకానో, ఎంసీబీ పడేదాకానో, ఏది ముందైతే అది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కానీ గంటల తరబడి 1,500 వాట్లు ఇవ్వాలంటే కనీసం 2,000 వాట్లది కావాలి, అది మోయలేనంత బరువు, దాని వేడి దానికుంటుంది. వదిలేసి రమ్మనండి.

హెర్ట్జ్ గురించి కూడా అడిగారు కాబట్టి, అది కరెంటు సెకనుకి ఎన్ని అలలుగా వస్తుందో చెప్పే అంకె, అక్కడ 60, మన దగ్గర 50. మామూలు ఎలిమెంట్‌కి 50 అయినా 60 అయినా ఒకటే. ఫ్యాన్ మోటారుకీ, పాత రకం మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మాత్రం తేడా ఉంటుంది, 60కి చేసినవి 50 మీద వేడెక్కుతాయి. గడియారం కరెంటు అలలని లెక్కపెట్టుకునే రకం అయితే గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. 2018 మొదట్లో ఐరోపాలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. సెర్బియా, కొసోవో మధ్య తగాదా వల్ల గ్రిడ్‌లో విద్యుత్తు తగ్గి, జనవరి మధ్య నుంచి మార్చి దాకా సగటు 50కి కొద్దిగా, వెయ్యిలో నాలుగు వంతుల హెర్ట్జ్ మాత్రమే తగ్గింది. అంత చిన్న తేడాకే పాతిక దేశాల్లో ఓవెన్ల మీది గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు ఆలస్యంగా నడిచాయి.

అలాగే అమెరికాలోని పెద్ద ఓవెన్ల ప్లేటు మీద 208, 240 అని రెండు వోల్టేజీలకి రెండు వాట్ల అంకెలు ఉంటాయి. 240 మీద 4,000 వాట్లిచ్చేది 208 మీద దాదాపు 3,000కి పడిపోతుంది. మన దగ్గర వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు ఓవెన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టడానికీ కారణం ఇదే. 230 మీద 3,000 వాట్లది, 200 వోల్టులు వచ్చిన రోజు 2,270 వాట్లే ఇస్తుంది. ఓవెన్ పాడైందని మెకానిక్‌ని పిలిచే ముందు, ఓవెన్ నడుస్తుండగా వోల్టేజి ఎంతుందో కొలిపించండి. ఆపి ఉన్నప్పుడు 230 ఉండి, వేయగానే 205కి దిగిపోతే, దారిలో ఎక్కడో జాయింట్ లూజుగా ఉంది, లేదా వైరు సన్నంగా ఉంది.

ప్రశ్న: పొయ్యిలూ ఓవెనూ కలిసిన పెద్ద స్టవ్ తీసుకున్నాం. వెనకాల మూత తీస్తే ఐదారు స్క్రూలు, వాటి మధ్య చిన్న రాగి పట్టీలు ఉన్నాయి. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది. ఎలా కలపాలి?

జవాబు: ఆ పట్టీలే అసలు సంగతి. అలాంటి స్టవ్‌ని ఒక ఫేజుకీ, రెండిటికీ, మూడిటికీ ఎలాగైనా కలపొచ్చు, పట్టీలు ఎక్కడ పెడితే అలా. ఏ పట్టీ ఎక్కడన్న బొమ్మ ఆ మూత లోపలి వైపో పక్కనో అతికించి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. సింగిల్ ఫేజుకి ఫేజు స్క్రూలన్నిటినీ పట్టీలతో ఒకటిగా కలపాలి, న్యూట్రల్ స్క్రూలనీ అలాగే. మూడు ఫేజులున్న చోట న్యూట్రల్ పొరపాటున తప్పిపోతే 230కి చేసిన ఎలిమెంట్ మీద 400 వోల్టులు పడే ప్రమాదం ఉంది, కాబట్టి ఇది చూసి నేర్చుకుని చేసే పని కాదు. అసలు ఆ స్టవ్ ఎన్ని వాట్లో రాయలేదు మీరు. ఇవి 7 నుంచి 11 కిలోవాట్ల దాకా ఉంటాయి, సింగిల్ ఫేజు మీద 30 నుంచి 48 ఆంపియర్లు. అన్నీ ఒకేసారి పూర్తిగా వేయం కాబట్టి కొంత తగ్గించుకుని లెక్క వేస్తారు, అయినా 6 వైరు, 32 ఎంసీబీ అంటే తక్కువలో తక్కువ. మీ మెయినే 32 అయితే ముందు విద్యుత్ సంస్థ దగ్గరికి వెళ్లండి, స్టవ్ డబ్బాలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: కొత్త ఓవెన్ మొదటిసారి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయింది. వెనక్కి పంపేయాలా?

జవాబు: తొందరపడకండి. ఎలిమెంట్ గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపుతారు, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. గోడౌన్‌లో నెలలు పడి ఉన్న ఓవెన్‌కి, ఇంట్లోనే చాలాకాలం వాడకుండా ఉంచినదానికీ ఇలా కొద్దిగా లీకేజి రావడం మామూలే. సర్వీస్ మనిషిని పిలిచి మెగ్గర్‌తో, అంటే లీకేజిని పట్టే మీటరుతో, కొలిపించండి, తేమే అయితే ఎలిమెంట్లని ఆరబెడితే సర్దుకుంటుంది. ఒకవేళ ఆరాక కూడా పడుతుంటే ఎలిమెంట్ చిట్లినట్టే, అప్పుడు మార్చమని గట్టిగా అడగండి. ఈలోపు ఎర్త్ తీగ తీసేసి నడిపిద్దాం, ఆర్‌సీసీబీ పక్కన పెట్టి చూద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పడకుండా చేయడానికి ఎర్త్ తీసేస్తే, ఆ లీకేజి పోయే దారి ఓవెన్‌ని పట్టుకున్న మనిషే అవుతాడు.

ప్రశ్న: ఓవెన్‌కి స్టెబిలైజర్ కావాలా? ఇన్వర్టర్ లైనుకి కలపొచ్చా? ప్రస్తుతానికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద వాడుతున్నాం.

జవాబు: మామూలు ఓవెన్‌కి స్టెబిలైజర్ అవసరం లేదు. ఇన్వర్టర్‌కి అసలే వద్దు, ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టర్లు వెయ్యి వాట్ల లోపే ఇస్తాయి, ఓవెన్ వేయగానే ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఇవాళే తీసేయండి. దాని వైరు చాలావరకు సన్నగా ఉంటుంది, ఫ్రిజ్ వెనకాల చుట్ట చుట్టి పడేసి ఉంటారు, చుట్టి ఉన్నప్పుడు లోపలి చుట్ల వేడి బయటికి పోలేదు. డ్రమ్ముకి చుట్టుకునే రకం మీద చూడండి, పూర్తిగా విప్పితే ఇన్ని వాట్లు, చుట్టి ఉంటే ఇన్ని అని రెండు అంకెలు రాస్తారు, రెండోది మొదటిదానికంటే చాలా తక్కువ. కొత్త పాయింట్ వేయించే దాకా ఓవెన్‌నే పెద్ద పాయింట్ ఉన్న గదిలోకి మార్చి, దాని ప్లగ్గు నేరుగా గోడకే పెట్టి వాడుకోండి. ముందు ఆ గది లైను మీద ఇంకేం ఉన్నాయో ఎంసీబీ దించి చూసుకోండి.